నూట పద్దెనిమిది గుర్రాలు

ట్రక్కు మీద నుంచి ముందు కారు దిగింది. తరువాత డ్రైవరు పక్క సీటులోంచి రత్నకుమారి దిగారు. ఇస్త్రీ చెదరని తెల్లచీర, చంకలో ఫైలు, చేతిలో నల్లగొడుగు. ఆ గొడుగు వాన కోసం కాదని రాయ్‌పూర్ రింగు రోడ్డు మీది ఆ సర్వీసు సెంటరులో అందరికీ తెలుసు.

"నమస్తే ఆంటీజీ! కారుకు ఊరేగింపు చేయిస్తున్నారేంటి?" అంటూ సర్వీసు మేనేజరు మురళీమోహన్ ఎదురొచ్చాడు. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు సగం, హిందీ సగం, వినయం మాత్రం పూర్తిగా.

"నేను నడిపే స్థితిలో లేదు."

"డర్ గయే క్యా, భయమేసిందా? నేను అప్పుడే చెప్పాను. టర్బో బండి కుర్రాళ్లకి ఆంటీజీ. మీ ఉమర్‌కి చిన్న బండి సరిపోయేది."

"నీ వయసుకు ఇన్ని అబద్ధాలు అవసరమా, మురళీ? జాబ్ కార్డు తియ్యి."

రత్నకుమారి రైల్వే ఆసుపత్రిలో మేట్రనుగా పదవీ విరమణ చేశారు. పొద్దున డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లిన రోగికి సాయంత్రం నూటొక్క డిగ్రీల జ్వరం రాసిన నర్సును సస్పెండు చేయించిన మనిషి. కాన్వెంటు సిస్టర్లు పెంచిన నాలుక కనుక అబద్ధం ఆడటం ఆమెకు రాదు. అడగనిది చెప్పడం అంతకన్నా రాదు.

బైబిలు తరువాత ఆమె అంత శ్రద్ధగా చదివినది ఆ కారు బ్రోషరునే. తొమ్మిది వందల తొంభై ఎనిమిది సీసీ, మూడు సిలిండర్లు, నూట పద్దెనిమిది గుర్రాల శక్తి. టర్బో చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఆ చుట్లన్నిటినీ మోసేది వెంట్రుక మందమైనా లేని నూనె పొర. నూనె చెడితే టర్బో చెడుతుంది. టర్బో చెడితే ఆ గుర్రాలన్నీ కలిసి ఒక గాడిదకు సమానం.

మూడు సర్వీసులలోనూ కొత్త నూనె పోశామని కాగితం ఇచ్చారు. ప్రతిసారీ కారు దగ్గుతూనే ఇల్లు చేరింది. ప్రతిసారీ మురళీమోహన్ ఒకటే పాట పాడాడు: "వేగంగా వచ్చి వెంటనే ఆపేస్తున్నారు ఆంటీజీ. తప్పు మీ డ్రైవింగ్‌ది."

గత నెలలో అభన్‌పూర్ దారిలో అది నీలిపొగ కక్కి ఆగిపోయింది. బీర్‌గావ్ మెకానిక్కు నూకరాజు వచ్చి లాక్కెళ్లి, కింద దూరి నూనె చూశాడు.

"ఇది నూనె కాదండి మేడమ్మగారూ, తారండి! నూనె దించే ఈ బోల్టు మీద ఫ్యాక్టరీలో పూసిన రంగైనా చెదర్లేదండి. పుట్టింకాడి నుంచి ఒక్కసారి మార్చితే ఒట్టు."

వారంటీకి ఇంకా మూడు వారాల గడువుంది. ఉచితంగా కొత్త ఇంజను రావాలి. అది దయ కాదు, ఆమె హక్కు. కానీ వీధి మెకానిక్కు మాటను కంపెనీ వింటుందా?

అందుకే ఈరోజు ఆమె వచ్చారు.

"పికప్ లేదు. పూర్తి సర్వీసు చెయ్యి," అన్నారు.

ఇద్దరు పనివాళ్లు కారును తోసుకుంటూ షెడ్డులోకి తీసుకుపోయారు. రత్నకుమారి వెయిటింగు హాలులో నిటారుగా కూర్చుని, వాళ్లిచ్చిన టీ తాగలేదు.

సాయంత్రం నాలుగింటికి కారు మెరుస్తూ బయట నిలబడింది. ముందు భాగం కొత్త పెళ్లికొడుకులా కాస్త తలెత్తుకుని ఉంది.

"హో గయా ఆంటీజీ!"

"నూనె?"

"ఫుల్ సింథటిక్. కొత్త ఫిల్టరు."

"టర్బో?"

"మక్ఖన్! వెన్నలా తిరుగుతోంది. నా చేతులతో తిప్పి చూశాను."

"మూడు సిలిండర్ల కంప్రెషన్?"

"నూట డెబ్భై, నూట డెబ్భై, నూట డెబ్భై."

"ముగ్గురికీ ఒకే జ్వరమా?"

"ఒకే కాన్పు పిల్లలు కదా ఆంటీజీ!"

"నడిపి చూశావా?"

"పన్నెండు కిలోమీటర్లు. నేనే వెళ్లాను. థర్డ్ గేర్లో తొక్కితే, బాప్‌రే, రాకెట్! ఇంకేం కావాలి మీకు?"

"చెప్పినదంతా రాసి సంతకం పెట్టు. కింద ఇది కూడా రాయి. 'ఈరోజు ఇంజను సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నది. వారంటీ ముగిసేలోగా ఏ లోపం కనిపించినా అది మా తప్పే. కొత్త ఇంజను ఉచితంగా వేసి ఇస్తాము.'"

మురళీమోహన్ లోపల్లోపల లెక్క వేసుకున్నాడు. మూడు వారాలలో ఈవిడ కారు మూడుసార్లు చర్చికి వెళుతుంది. అంతలో దానికేమవుతుంది?

"మీ తృప్తి మాకు ముఖ్యం," అని రాసి, సంతకం చేసి, స్టాంపు గుద్దాడు. "ఫీడ్‌బ్యాక్ ఫోనొస్తే పదికి పది చెప్పండి ఆంటీజీ, ప్లీజ్."

"నిజమే చెబుతాను."

ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివి, ఫైలులో పెట్టి, ఫైలును చంకలో పెట్టారు. ట్రక్కు దగ్గర నుంచి నూకరాజు సెల్‌ఫోను పైకెత్తి పట్టుకుని వచ్చాడు.

"వీడియో కూడానా? తీస్కో భాయ్, తీస్కో!" మురళీమోహన్ కాలరు సర్దుకున్నాడు.

"బానెట్ తియ్యి మురళీ. నువ్వు బాగుచేసిన ఇంజను పక్కన నిలబడు."

అతను హుషారుగా లీవరు లాగి, ఫోను వైపే చూస్తూ బానెట్ పైకెత్తి నవ్వాడు.

ఆ నవ్వు వెనక బానెట్ కింద ఖాళీ గొయ్యి తప్ప ఏమీ లేదు, ఎందుకంటే ఆ ఇంజను పదకొండు రోజులుగా బీర్‌గావ్‌లో, నూకరాజు షెడ్డులో, పాత దుప్పటి కింద పడి ఉంది.