ఎవరి బిడ్డ కోసం

"మాటలు రాని బిడ్డను కొత్తోళ్లు ఎత్తుకుంటే, ఏడవకుండా ఎట్ల చూసుకోవల్లమ్మా?"

వెనక వరుసలోంచి వచ్చిన ఆ ప్రశ్నకు శోభారాణి తలెత్తి చూసింది. చేతిలోని ప్లాస్టిక్ బొమ్మను బల్ల మీద పెట్టింది.

ఆమె నర్సు. హిందూపురంలో ఒక అద్దె హాల్లో, చంటిపిల్లల తల్లిదండ్రులకు ప్రథమ చికిత్స నేర్పుతోంది. వచ్చినవాళ్లందరూ పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న జంటలు. అడిగినవాడు మాత్రం అరవై దాటిన మనిషి. పంచె, భుజాన కంబళి. పక్కన ఎవరూ లేరు.

శోభారాణి అతన్ని గుర్తుపట్టింది. పెనుకొండలో నేర్పినప్పుడు వచ్చాడు. ఆ తర్వాత ధర్మవరంలోనూ కనిపించాడు. అక్కడా ఇలాగే వెనక కూర్చుని, బొమ్మకన్నా చుట్టూ ఉన్న పిల్లల్నే ఎక్కువ చూశాడు.

"మీ పేరేంది పెద్దాయనా?"

"కొండప్ప. రొళ్ల పక్క పల్లె. గొర్లు మేపుకుంటా."

"ఇంట్లో పసిబిడ్డ ఉందా?"

అతను కంబళి సర్దుకున్నాడు. "ఉండాది. పది నెలల పాప."

"కొడుకు బిడ్డా, కూతురు బిడ్డా?"

కొండప్ప తలుపు వైపు చూశాడు.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఆ వారమంతా ఫోన్లలో మెసేజీలు. ముందు వరుసలో కూర్చున్న నరేష్ కొడుకును భార్యకిచ్చి, వెళ్లి తలుపు మూశాడు.

"ఏమప్పా, మేడం అడుగుతాంటే చెప్పవేం? ఎవరి పాప?"

"ఉండు నరేష్," అని శోభారాణి బొమ్మను కొండప్పకు అందించింది. "పాప గొంతులో ఏదో అడ్డం పడింది. దగ్గలేకపోతోంది, ఏడవలేకపోతోంది. ఏం చేస్తారు?"

కొండప్ప బొమ్మను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకున్నాడు. దవడను వేళ్లతో పట్టి, తల ఒంటికన్నా కిందికి ఉండేలా వంచాడు. వీపు మీద రెక్కల మధ్య అరచేతి కింది భాగంతో ఐదుసార్లు తట్టాడు. వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కాడు. నోట్లోకి వేలు పెట్టి కెలకలేదు. ఒక్క తప్పూ చేయలేదు.

ఇంత శ్రద్ధగా నేర్చుకున్నవాడు దొంగ కాలేడని శోభారాణికి అనిపించింది. దొంగకే ఇంత శ్రద్ధ కావాలేమో అని కూడా అనిపించింది.

"ఇంటికి ఫోన్ చెయ్," అన్నాడు నరేష్.

"వద్దు నాయనా. నేను ఈడికి వస్తాండేది మా ఆడమనిషికి తెలీదు."

దాంతో హాల్లో అందరి అనుమానం గట్టిపడింది. నరేష్ అతని ఫోన్ లాక్కుని, అతని భార్య వెంకటక్క నెంబరు ఏదో చెప్పించి, కలిపి స్పీకరు పెట్టాడు.

"వెంకటక్కా, మీ ఇంట్లో పసిబిడ్డ ఉందా?" అడిగింది శోభారాణి.

"లేదమ్మా. మా ఇంట్లో మేమిద్దరమే. ఎవరు మాట్లాడేది?"

ఆ మాట పూర్తవుతుండగానే ఫోన్లో ఒక పసిబిడ్డ ఏడ్చింది. ఎవరో నోరు నొక్కినట్టు ఏడుపు టక్కున ఆగిపోయింది.

హాల్లో తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ఆ ఏడుపుకు కొండప్ప కూడా బిత్తరపోయాడు. అది నటనో కాదో శోభారాణికి అంతుపట్టలేదు.

"మీ ఆయన మీద అందరికీ అనుమానంగా ఉంది. హిందూపురం మార్కెట్ వెనకున్న హాల్లో ఉన్నాడు. మీరు రాకపోతే పోలీసులకు చెప్తాం," అంది ఫోన్లో.

"వస్తాండా. ఆయప్ప మీద చెయ్యి వెయ్యొద్దండి."

"రొళ్ల నుంచి బస్సు రావల్లంటే ఎంతసేపో," అన్నాడు నరేష్, కొండప్ప మణికట్టు పట్టుకుని.

కొద్దిసేపటికే బయట ఆటో ఆగింది. వెంకటక్క రొప్పుతూ లోపలికొచ్చి, నరేష్ చెయ్యి విడిపించింది.

"ఇంత బిరీన యాడ్నుంచి వచ్చినావు?" అన్నాడు కొండప్ప.

"నా సంగతి తర్వాత. నువ్వు ఈడ ఏం చేస్తాండావో అది చెప్పు."

కొండప్ప నేల మీద కూలబడ్డాడు.

"మన వెన్నెలకు పాప పుట్టిందే."

వెంకటక్క అతని పక్కన చతికిలబడింది.

"ఇష్టమొచ్చినోన్ని చేసుకుందని కూతుర్ని గడప తొక్కొద్దన్నా. దాని పేరెత్తితే నువ్వు కూడా పో అన్నా. ఎండాకాలంలో ఈ ఊరి సంతకు గొర్లు తోలకొచ్చినప్పుడు చూసినా. దాని సంకలో పాప. ఏందో మింగింది, దగ్గలేక మొగం నీలమైపోయింది. వెన్నెల అరస్తాండాది. నేను రోడ్డుకు ఈ పక్క నిలబడుకున్నా. ఏం చెయ్యల్లో తెలీలేదు. ఎవరో అంగడాయప్ప ఈపు మీద తడితే కక్కింది."

అతను తన అరచేతులు చూసుకున్నాడు. "ఈ పని చేతికొచ్చినాకనే పోయి దాని తలుపు తట్టల్ల అనుకున్నా. పోతే మాత్రం ఏముంది, ఆ పాప నన్ను కొత్తోడని ఏడుస్తాది. నువ్వేమంటావోనని నీకు కూడా చెప్పలా."

నరేష్ తల దించుకుని వెళ్లి తలుపు తీశాడు. శోభారాణి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. వెంకటక్క భర్తకు తాగించి, కొంగుతో మొగం తుడిచింది.

"లెయ్. వెన్నెల ఇంటికి పోదాం."

"దాని ఇల్లు నీకెట్ల తెలుసు?"

"మీరు ఫోన్ చేసినప్పుడు ఆడనే ఉండా. ఆ పాపకు పురుడు పోసింది నేనే."