వెదురు పొదలో పాట

తుమ్మెదలు తొలిచిన వెదురు పొదలోంచి గాలి వీస్తే పాట వినిపించేది. ఆ పొదలోనే ఒక కొండచిలువ ఉండేది. అది ఒక జింకపిల్లను మింగిన మర్నాటి నుంచి తల్లి జింక రోజూ అక్కడికే వెళ్తోంది.

"అక్కా, తెలిసి తెలిసి ఎందుకు వెళ్తావు?" అని ఉడుత ఏడ్చింది.

"ఆ పాట వింటే నా పొదుగు చేపుతుందమ్మా. పిల్ల వచ్చి పాలు తాగుతున్నట్టే ఉంటుంది. ఇక కాళ్లు నా మాట వినవు."

ఆ సాయంత్రం ఉడుత కూడా వెంట వెళ్లింది. జింక కళ్లు మూసుకుని వింటోంది. రెండడుగుల దూరంలో కొండచిలువ కూడా తల నేలకు ఆన్చి, కదలకుండా వింటోంది.

ఉన్నట్టుండి గాలి పడిపోయింది. కొండచిలువ తల పైకెత్తింది.

"అక్కా, పాట ఆగిపోయింది! పరుగెత్తు!" అని ఉడుత అరిచింది.

జింక కళ్లు తెరవకుండానే నవ్వింది.

"ఆగలేదే! నాకింకా వినబడుతూనే ఉంది."