చేతులు మారిన దరఖాస్తు

"ఇకనుంచి నీ దరఖాస్తు నేను చూస్తాను," అంది గ్రాంట్ల ఆఫీసులో పనిచేసే టూరిల్, తలుపు దగ్గరే నిలబడి. "గున్‌వోర్ నాకు అప్పజెప్పింది."

ఐవిన్ చేతిలోని కాఫీ బల్లమీద పెట్టి, కారణం అడిగాడు. తనకేమీ తెలియదనీ, పొద్దున్నే గున్‌వోర్ డైరెక్టర్ గదిలోకి వెళ్లి మాట్లాడి వచ్చిందనీ, ఆ వెంటనే పని చేతులు మారిందనీ చెప్పి టూరిల్ వెళ్లిపోయింది.

ఐవిన్‌ది సముద్రపక్షుల మీద పరిశోధన. నార్వేలోని ట్రోమ్సో ఊరికి ఉత్తరాన ఒక చిన్న దీవి మీద అతని బృందం ఏళ్ల తరబడి పఫిన్ పక్షులను కనిపెట్టుకుని ఉంది. ఈసారి గ్రాంటు రాకపోతే ఆ దీవి మీది గుడిసెకు తాళం పడుతుంది. అతనికి పక్షుల సంగతి తెలుసు గానీ, దాన్ని నిధులిచ్చేవాళ్లకు అర్థమయ్యేలా రాయడం చేతకాదు. విశ్వవిద్యాలయంలో గ్రాంట్ల వ్యవహారం చూసే గున్‌వోరే ఇన్నేళ్లూ అతన్ని ఒడ్డున పడేస్తూ వచ్చింది. రాసింది తెచ్చి ముందు పెడితే, "పక్షి ఎగురుతోంది సరే, ఎక్కడ వాలుతుందో చెప్పవేం?" అని చీవాట్లు పెట్టేది. అతను గొణుక్కుంటూ వెళ్లి తిరగరాసేవాడు.

అలాంటి మనిషి, గడువు నెత్తిమీదికొచ్చాక చేతులు దులిపేసుకుంది.

ఎందుకో ఐవిన్‌కి తెలుసు. ఆదివారం ఇద్దరూ మంచు మీద జారే స్కీలు వేసుకుని కొండకు వెళ్లారు. పైన ఎండలో కూర్చుని నారింజలు ఒలుచుకుంటుండగా, పెళ్లి చేసుకుందామా అని అడిగేశాడు. అతని భార్య పోయి చాలాకాలమైంది. గున్‌వోర్ అసలు పెళ్లే చేసుకోలేదు. ఆమె కింద సముద్రపు పాయకేసి చూసి, మంచు మెత్తబడుతోంది, దిగుదాం పద అంది. అంతే. దారి పొడవునా ఆమె ముందు, అతను వెనక.

నోరు మూసుకుని ఉండాల్సింది అనుకున్నాడు. ఉన్న స్నేహం కాస్తా పోయింది.

ఆ వారమంతా టూరిల్‌తో కూర్చుని పని చేశాడు. ఆమె తప్పులు చకచకా దిద్దేది గానీ, పక్షుల గురించి ఒక్క మాటా అడిగేది కాదు. క్యాంటీన్‌లో గున్‌వోర్ కనిపిస్తే, ఆమెకు ఇబ్బంది ఎందుకని తనే వేరే బల్లకి పోయేవాడు. ఒకసారి ఆమె చెయ్యెత్తి పిలిచినట్టనిపించింది. చూడనట్టు నటించాడు.

శుక్రవారం దరఖాస్తు వెళ్లిపోయింది. ఇక ఉండబట్టలేక ఆమె గదికి వెళ్లాడు. గున్‌వోర్ రొట్టె మీద గోధుమరంగు చీజ్ పెట్టుకు తింటోంది. కూర్చోమంది. కూర్చోలేదు.

"ఆదివారం నేనన్న మాట మరిచిపో. వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు.

"ఎందుకు?"

"నువ్వు నొచ్చుకున్నావు. నా మొహం చూడలేక నా పని టూరిల్ మీదికి తోసేశావు. గ్రాంటు రాకపోతే పోనీ. నువ్వు మళ్లీ ఎప్పట్లా నన్ను నాలుగు చీవాట్లు పెడితే చాలు నాకు."

గున్‌వోర్ రొట్టె పక్కన పెట్టింది. నిజంగానే వెనక్కి తీసుకుంటున్నావా అని అడిగింది. మునుపటిలా ఉండటానికి అదొక్కటే దారైతే తీసుకుంటానన్నాడు, నేలచూపులు చూస్తూ.

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది.

"ముందు ఆఫీసులో చెప్పాల్సింది చెప్పి, ఆ తర్వాత నీకు చెబుదామనుకున్నాను. నువ్వు కంటపడితే కదా! పిలిచినా పారిపోతివి."

"డైరెక్టర్‌కి ఏం చెప్పావేంటి?"

గున్‌వోర్ మొహం చెవులదాకా ఎర్రబడింది.

"కాబోయే మొగుడి దరఖాస్తు నేను చూడకూడదని."