జిబ్రాల్టర్ కోతులు

“నేను సంతకం పెట్టను,” అంది లవ్‌డే, పిండి పిసకడం ఆపకుండా.

రౌస్ కాగితాన్ని రొట్టెల బల్ల మీద పరిచాడు. వాళ్ళు పనిచేసేది ప్రభుత్వ సరఫరా ఓడలో. యుద్ధనౌకకు చమురు, తిండి అందిస్తూ ఎర్ర సముద్రంలో తిరగబట్టి నలభై రోజులైంది. యుద్ధనౌక వాళ్ళకు రోజువారీ యుద్ధభత్యం ఉంది. ఈ ఓడలో ఉన్నది పౌర సిబ్బంది కాబట్టి వీళ్ళకు లేదు. దానికోసమే యూనియన్ ప్రతినిధి రౌస్ సంతకాలు పోగు చేస్తున్నాడు.

“అదే క్షిపణి నేవీ వాళ్ళ నెత్తి మీదుగా పోతే ప్రమాదం, మన నెత్తి మీదుగా పోతే పిట్టా?” అన్నాడు. “అరవై ఏడు మంది పెట్టారు. నువ్వొక్కదానివీ పెట్టకపోతే ‘ప్రమాదమేం లేదని మీ వంటమనిషే అంటోందిగా’ అంటారు ఆఫీసులో. డబ్బు అంత మూలుగుతోందా తల్లీ నీ దగ్గర?”

“నాకు మాత్రం డబ్బు చేదా? భత్యం వస్తే జీతం చీటీలో పడుతుంది. చీటీ ఫాల్మత్‌లో మా ఇంటికెళ్తుంది. మా ఆయన డెంజిల్ చూస్తాడు.”

“చూస్తే?”

“ఓడ యుద్ధం దాకా రానే లేదని, మరమ్మతుకని జిబ్రాల్టర్‌లో ఆగిందని చెప్పాను. గుండె ఆపరేషనై ఆరు నెలలు కాలేదు ఆయనకి.”

రౌస్ పగలబడి నవ్వాడు. “నలభై రోజులుగానా? ఫోన్లో ఏం చెప్తున్నావు మరి?”

“కోతుల గురించి. అక్కడ కొండంతా కోతులేగా. మొన్న ఒకటి నీ కళ్లజోడు ఎత్తుకుపోయిందన్నాను.”

“నాదే దొరికిందా!”

“ఆయన తెగ నవ్వాడులే.”

రౌస్ నవ్వు ఆపాడు. “పెరన్ సంగతేంటి? అలారం మోగిన రోజు మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. నీ కోతుల కోసం వాడి పొట్ట కొడతావా?”

లవ్‌డే చేతులు ఆగాయి. పిండి వేళ్ళతోనే సంతకం గీకింది.

ఆదివారం ఫోన్లో మెల్లగా కదిపింది. “ఈసారి జీతం కాస్త ఎక్కువ రావచ్చు. ఓవర్‌టైమ్.”

“రావాల్సిందే,” అన్నాడు డెంజిల్. “అన్ని కోతుల మధ్య పనిచేస్తున్నావు. ఇంతకీ రౌస్ కళ్లజోడు దొరికిందా?”

“ఒక అద్దం దొరికింది.”

ఆయన మళ్ళీ నవ్వాడు. ఇంత అమాయకుణ్ణి ఎంత సులువుగా మోసం చేస్తున్నానా అనుకుంది.

మూడు వారాలకు భత్యం మంజూరైంది, వెనకటి రోజులతో సహా. ఓడంతా కేరింతలు. రౌస్ మాత్రం తెల్లమొహం వేసుకుని వంటగదిలోకి వచ్చాడు.

“నా కష్టమంతా వృథా. మన కాగితం ఇంకా ఎవరూ విప్పి చూడనే లేదట. నెలన్నర కిందట ఇంటివాళ్ళంతా కలిసి మంత్రికి అర్జీ పెట్టారట. దానికి దిగొచ్చారు.”

“ఎవరింటివాళ్ళు?”

“మన ఇళ్ళవాళ్ళే. ఇదిగో నకలు.”

లవ్‌డే చేతులు తుడుచుకుని అందుకుంది. ‘ఎర్ర సముద్రంలో క్షిపణుల కింద రోజూ పనిచేస్తున్న మావాళ్ళకు...’ అని మొదలైంది. పేజీ తిప్పితే సంతకాలు.

మొదటిది డెంజిల్‌ది.