మిగిలిన మెట్లు

"నాయనా, పైనుంచి ఇక్కడికి ఎన్ని మెట్లు లెక్కొచ్చాయి?"

లంకలో శ్రీపాద కొండ సగం దాటాక, టీ కొట్టు పక్కన నిలబడి, దిగివచ్చే ప్రతివాణ్నీ ఆపి అడుగుతున్నాడు ముసలి మార్టెలిస్. వాళ్లు చెప్పిన అంకె అతని భార్య ఆలిస్‌నోనా నోటుపుస్తకంలో రాసుకుంటోంది.

పైకెక్కుతున్న తిలకపాలకు ఒళ్లు మండింది. వెనక పన్నెండుమంది ఊరివాళ్లు. ఆ యాత్రకు అతనే పెద్ద.

"దారికడ్డం లే తాతా! అంత సరదాగా ఉంటే ఎక్కి లెక్కపెట్టుకో!"

అప్పుడే అతని తల్లి పొడిమెణికే మెట్టుమీద కూలబడింది. డెబ్బై ఎనిమిదేళ్లు. కొండ కొసనున్న బుద్ధుడి పాదముద్రకు ఒక్కసారి మొక్కాలని బతుకంతా అనుకున్న మనిషి.

"నువ్విక్కడే కూర్చో అమ్మా. నీ పేరు చెప్పి నేను మొక్కుతాలే."

"నీ మొక్కు నాకెందుకురా? మళ్లీ ఏడు నేనుంటానా?" ఆమె ఏడ్చింది. "నేను పైకే పోతాను."

ఆలిస్‌నోనా వచ్చి ఆమె నాడి పట్టుకుంది.

"ఇరవై మెట్లకోసారి రెండు నిమిషాలు కూర్చుంటే ఎక్కేస్తావక్కా."

"ఇంకా ఎన్నున్నాయమ్మా?"

"ఎనిమిది వందల నలభై," అన్నాడు మార్టెలిస్. "నలభై రెండుసార్లు కూర్చుంటాం. కూర్చోడానికి గంటా ఇరవై నాలుగు నిమిషాలు, నడవడానికి ఒక గంట. పొద్దు గుంకేలోపు పాదం దగ్గరుంటాం."

"ఒకడు ఎనిమిదొందలన్నాడు, ఒకడు తొమ్మిదొందలన్నాడు. మధ్యలో నీ నలభై ఎక్కణ్నుంచి ఊడిపడింది?" అన్నాడు తిలకపాల.

"ఒక్కొక్కడూ తప్పే చెబుతాడు నాయనా. వెయ్యిమంది తప్పులు కలిపి సగటు తీస్తే నిజం పక్కకొచ్చి నిలబడుతుంది."

"అదీ బుద్ధుడి దయే," అంది ఆలిస్‌నోనా.

ఆ పుస్తకం నిండా లంకలోని గుళ్ల మెట్లే. మిహింతలే, దంబుల్ల, ముల్కిరిగల. బస్సెక్కడం, మొక్కడం, లెక్క కట్టడం. పెళ్లయిన నాటినుంచీ వాళ్ల కాపురం ఇదే.

"మీ లెక్కలు మా అమ్మను మోస్తాయా?"

"మోయవు. మేం పట్టుకుంటాం."

తిలకపాల విసుక్కుంటూ తన జనంతో ముందుకు పోయాడు.

సరిగ్గా పొద్దు గుంకే వేళకు మూడు తలలు పైకొచ్చాయి.

"ఎనిమిది వందల ముప్పై ఆరు! నాలుగే తేడా!" మార్టెలిస్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. పొడిమెణికే పాదం ముందు సాష్టాంగపడి లేవలేదు చాలాసేపు.

ఎన్నోసారి ఎక్కితే అన్నిసార్లు గంట కొట్టడం అక్కడి ఆచారం. తిలకపాల పన్నెండుసార్లు కొట్టాడు. తల్లి ఒకసారి కొట్టింది.

మార్టెలిస్ ఒకసారి. ఆలిస్‌నోనా ఒకసారి.

"ఓరినీ! కొండ మొహం చూడనివాళ్లా మనకు దారి చెప్పింది!" అన్నాడు తిలకపాల.

అందరూ నవ్వారు. ముసలివాళ్లూ నవ్వి, కొండ అవతల రత్నపుర వైపు దారిన దిగిపోయారు.

మర్నాడు దిగుతూ తిలకపాల ఈ ముచ్చట టీ కొట్టతనికి చెప్పాడు. అతను నవ్వలేదు. చేతిలో గిన్నె కింద పెట్టాడు.

"పైకి చేరారా? నిజంగా చేరారా?"

"ఏం, అంత వింతా?"

"ముప్పై ఒక్క ఏళ్లుగా వస్తున్నారయ్యా."

"మరి ఒకసారే కొట్టారేం?"

"ఏటా ఇక్కడ ఎవరో ఒకరు కూలబడేవాళ్లు, ఈ ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని వాళ్లను కిందికి దించి అలాగే ఇంటికి పోయేవాళ్లు, పైకే పోతానన్న మనిషి వాళ్లకు దొరికింది మీ అమ్మ ఒక్కతే."