గాజు తీసినవాడు

"గాజు తీసింది నేనే అప్పా."

ఆ మాటకు అతని చెంప ఛెళ్ళుమంది.

కొట్టింది కిశోర్. చేతిలోని సెల్‌ఫోన్ జేబులో వేసుకొని మరీ కొట్టాడు. చింతామణి ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళంతా లేచారు.

ముందురోజు కిశోర్ అక్క ఆశా, బావ శ్రీనివాసమూర్తి వస్తున్న కారు కైవారం దారిలో మల్బరీ తోటలోకి పల్టీ కొట్టింది. ముందు రెండు తలుపులు తప్ప వెనక తలుపులే లేని పాత హెరాల్డ్ కారు అది. ఎవరో ఇద్దరినీ టెంపోలో వేసి పంపారు. అప్పుడు స్పృహ తప్పిన మూర్తి ఇప్పుడు తలకు కట్టుతో లేచి తిరుగుతున్నాడు. వెనక సీట్లో కూర్చున్న ఆశా టెంపోలో స్పృహ తప్పి ఇంకా కళ్ళు తెరవలేదు.

ఆమె కుడిచేతి బంగారు గాజు మాత్రం కనబడలేదు. ప్రమాదం జరిగిన చోటి నుంచి ఆమెను చూసిపోను వచ్చిన ఈ కొత్త మనిషిని, గాజు ఎవరు తీశారని అడిగారు.

"ప్రాణం పోతాండే మనిషి దగ్గర గాజు తీసేకి చేతులెట్లొచ్చినాయిరా?" అని అరిచాడు కిశోర్.

"తీయకుంటే ఎట్లప్పా?"

అతని తెలుగులో కన్నడ యాస ఉంది. శిడ్లఘట్ట వైపు మనిషిలా ఉన్నాడు. కుడి అరచేతికి చుట్టుకున్న తువ్వాలు మీద నెత్తురు మరక.

"చూస్తిరా, ఎంత పొగరో!" అన్నాడు మూర్తి చిన్నాన్న సుబ్బరాయప్ప.

"యాడ పెట్టినావు?" మూర్తి అడిగాడు.

"గట్టు మీదే పెట్టినా. యాడికీ పోదు."

"గట్టు మీద పెట్టినాడంట! మా చెవుల్లో పూలు పెడతాండావా? ఆ చేతికేమైంది?" అన్నాడు కిశోర్.

"లాగేటప్పుడు తెగిందప్పా."

"మా అక్క గీరిండాది!" కిశోర్ మళ్ళీ చెయ్యెత్తాడు.

"స్టేషన్ చుట్టూ ఎవరు తిరిగేది? తన్ని తరుము," అన్నాడు సుబ్బరాయప్ప.

మెట్ల మీద నుంచి తోశారు. అతను పడి, లేచి, పంచె దులుపుకున్నాడు.

"తరిమితే తరమండి. ఆ యమ్మ బతికినాదా? అది సెప్పండి, సాలు."

"నీకెందుకురా?"

గేటు మూసుకుంది.

బయట పూలమ్ముకునే ముసలామె చెంబెడు నీళ్ళు తెచ్చి అతని చేతి మీద పోసింది. అతను కాసేపు ఆసుపత్రి కిటికీల వైపు చూసి, బస్టాండు దారి పట్టాడు.

సాయంత్రం డ్యూటీకి వచ్చిన నర్సు నేత్ర, బంగారు గాజు తెచ్చి మూర్తి చేతిలో పెట్టింది.

"చెయ్యి వాచిందని నిన్న నేనే తీసి దాచినా సార్. ఇచ్చేలోపల డ్యూటీ ముగిసిపోయె."

మూర్తి కిశోర్ వైపు చూశాడు.

"మరి వాడు తీసింది ఏ గాజు?"

అంతలో లోపల నుంచి పిలుపు వచ్చింది. ఆశా కళ్ళు తెరిచింది.

"ఆయన యాడ?" అంది, అందరి మొహాలూ వెతికి.

"ఎవరు?"

"పెట్రోలు కారతాండాదని అందరూ దూరంగా నిలబడిరి. 'గాజు పగలగొడితే నీ మొగానికి గుచ్చుకుంటాదమ్మా, తీసేస్తా ఉండు' అని, కొడవలితో చుట్టూ ఉండే రబ్బరు కోసి, కారు పక్కద్దాన్ని పగలకుండా ఊడదీసి, నన్ను బయటికి లాగినాయన."