తేమ గడి

“తేమ గడిలోకి అంకె మీటరు నుంచి నేరుగా వస్తుందండీ. దాన్ని ఎవరూ దిద్దలేరు,” అంది సాఫ్ట్‌వేర్ రాసిన కౌసర్, కంప్యూటర్ తెర చూపిస్తూ.

మిర్చి వ్యాపారి బుల్లయ్య ముఖం మాడ్చుకున్నాడు. “మీటరుకి అనుభవం ఎక్కడిదమ్మా? కాయని చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడుని బట్టి తేమెంతో చెప్తా నేను. దిద్దడానికి వీలుగా పెట్టు.”

కౌసర్ అలాగే పెట్టింది.

రైతు యలమంద తెచ్చిన మిర్చి టిక్కీ బస్తాలో మీటరు గుచ్చగానే గడిలో తొమ్మిది శాతం పడింది. బుల్లయ్య ఓ కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. తొమ్మిది చెరిపి పద్నాలుగు కొట్టాడు.

“పచ్చి ఆరలేదు యలమందా. రేటు తగ్గుద్ది.”

యలమంద తనూ ఓ కాయ తీసి ఆడించాడు. కీబోర్డు తన వైపు లాక్కుని, పద్నాలుగు చెరిపి, వెతికి వెతికి ఏడు నొక్కాడు.

“ఏందయ్యా ఆ పని!”

“నాకూ నలభై ఏళ్ల అనుభవం ఉందండీ.”

వెనక వరసలో ఉన్న రైతులు తలా ఓ కాయ చెవి దగ్గర ఆడిస్తూ కీబోర్డు వైపు జరిగారు.

“కౌసరమ్మా, ఆ గడికి తాళం వేసెయ్! మీటరు చెప్పిందే ఉండనీ.”

“మీటరుకి అనుభవం లేదన్నారు కదండీ?”

“ఇప్పుడే వచ్చిందిలేమ్మా,” అన్నాడు బుల్లయ్య.